పదమూడో గాజు

"డజను అంటే ఎన్ని?"

శనివారం పొద్దున ఆరున్నరకు ఫోన్‌లో ఈ మెసేజ్ వచ్చింది. పంపింది శ్రీహిత, మాదన్నపేట. ముందురోజే లక్క గాజుల పార్సెల్ అందుకున్న మనిషి.

"పన్నెండు," అని కొట్టాడు బాలనర్సింహ.

"నాకు పదమూడు వచ్చినయి."

అతనికి నవ్వొచ్చింది. ఒకటి ఎక్కువ వస్తే ఎవరైనా సంతోషిస్తారు. "ఉంచుకోండి మేడం," అని రాసి, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టాడు.

రెండు నిమిషాలకు వేలం యాప్ నుంచి నోటీసు వచ్చింది. కొన్నవారి ఫిర్యాదు: సరుకు చెప్పినట్టు లేదు.

ఈ శ్రీహిత సంగతి అతనికి కొత్త కాదు. వేలం నడిచిన మూడు రోజులూ ప్రాణం తోడేసింది. ఒక్కో గాజుకు రాళ్ళెన్ని? దేంతో అంటించారు? ఎండలో ఫోటో పెట్టండి. నీడలో పెట్టండి. పక్కన స్కేలు పెట్టి తీయండి. అన్నీ చేశాడు. చివరికి పాట ఆమెకే ఖాయమైంది. పీడ పోయిందనుకున్నాడు.

బాలనర్సింహది పురానాపూల్ దగ్గర చిన్న గాజుల దుకాణం. తండ్రి బసవయ్య గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకొని గల్లీ గల్లీ తిరిగినవాడు. ఆయన పోయాక దుకాణం మెట్లెక్కేవాళ్ళు తగ్గారు. అప్పుడు బాలనర్సింహ యాప్ పట్టుకున్నాడు. ఒకదాని లాంటిది ఇంకోటి లేని సెట్లు వేలానికి పెడతాడు. వెనక కార్ఖానాలో గులాం రసూల్ లక్క కరిగించి చుడతాడు. ఆయన భార్య జహీరా రాళ్ళు అద్దుతుంది. కార్ఖానా కుంపటి వెలిగేది ఇప్పుడు ఆ యాప్ మీదనే.

ఇదివరకు రెండు ఫిర్యాదులు పడ్డాయి. ఫోన్‌లో చూసిన ఎరుపు వేరు, వచ్చిన ఎరుపు వేరు అన్నాడు ఒకాయన. ఇంకొకావిడ తనే పగలగొట్టుకొని, పగిలినవి పంపారంది. మూడోది నిలబడితే ఖాతా మూత. నోటీసు అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది: కొన్నవారు సాయంత్రం ఆరింటిలోగా ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే.

ఆమెకు ఎనిమిది మెసేజీలు పెట్టాడు. ఒక్కటీ చూడలేదు.

కార్ఖానాలోకి పోయి చెప్పాడు. జహీరా చేతిలో రాయి అట్లనే ఆగింది.

"ఆ గాజు నేనే పెట్టిన బేటా. మీ బాపు ఉన్నప్పటి సంది ఉన్న రివాజు గదా."

"నిన్నెవరన్నరు ఖాలా."

గులాం రసూల్ కుంపటి వైపే చూస్తున్నాడు. "ఇంటికి పోయి అడుగు. ఫోన్ల మనిషి వేరుంటది, ఇంట్ల వేరుంటది," అన్నాడు.

మూడింటికి మాదన్నపేట చేరాడు. కూరగాయల మార్కెట్ వెనక రెండో సందు. వాన మొదలైంది. తలుపు తీసింది నాగమణమ్మ, శ్రీహిత తల్లి. చేతులకు పసుపు. లోపల కొబ్బరికాయలు కుప్ప పోసి ఉన్నాయి. తనెవరో చెప్పాడు.

"గాజులబ్బాయివా? నానుతున్నవ్ బిడ్డా, లోపలికి రా. రేపు మా కోడలు సీమంతం. ఆ గాజులు గందుకే."

"శ్రీహిత గారు..."

"డ్యూటీకి పోయింది. మందుబిళ్ళల కంపెనీ. లోపలికి ఫోన్ తీస్కపోనియ్యరు. ఐదింటికి వస్తది."

అతను గోడ గడియారం చూశాడు. రెండు గంటలు. కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక కొబ్బరికాయల పీచు తీశాడు.

ఐదు దాటింది. ఐదుంబావు దాటింది. సందులో మోకాలి దాకా నీళ్ళు. ఐదు ఇరవై ఐదుకు గేటు చప్పుడైంది. తడిసిన చున్నీ పిండుకుంటూ ఒకమ్మాయి లోపలికొచ్చింది. కొత్త మనిషిని చూసి ఆగింది. కళ్ళు పెద్దవి. వాటిలో దయ అనేది అప్పటికి లేదు.

"నేను బాలనర్సింహ. గాజులు..."

"అడ్రస్ ఇచ్చింది పార్సెల్ కోసం. మీరు రానీకి కాదు."

"ఎనిమిది మెసేజీలు పెట్టిన మేడం."

"ఫోన్ లాకర్ల ఉంటది."

"ఆరింటికి నా ఖాతా పోతది. ఎక్కువ ఇచ్చినందుకు కంప్లైంటు చేసేటోళ్ళను నేను ఇప్పుడే చూస్తున్న."

"తక్కువైనా తప్పే. ఎక్కువైనా తప్పే," అంది శ్రీహిత. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. గాజులు వరసగా పేర్చింది. "మా దగ్గర ఒక స్ట్రిప్‌ల బిళ్ళ ఎక్కువొచ్చిందంటే, ఇంకోదాంట్ల తక్కువ పోయినట్టే. లైన్ మొత్తం ఆపుతం. ఈ పదమూడోది చూడండి. రంగు ఒక్క పిసరు ముదురున్నది. అంటే ఇంకెవరిదో సెట్టులది. పాపం, ఆమెకు పదకొండే పోయినయి. ఆమె ఫంక్షన్ రేపే ఉంటే?"

అతను వాదన సిద్ధం చేసుకొని వచ్చాడు. ఈ మాటకు మాత్రం సిద్ధంగా లేడు. ఎవరో ముక్కూమొహం తెలియని ఆమె కోసం ఈ పిల్ల పోట్లాడుతోంది.

"ఎవ్వరికీ తక్కువ పోలేదు," అన్నాడు మెల్లగా. "పొద్దుగూకే యాల్లకు కుంపట్ల కొంచెం లక్క మిగుల్తది. జహీరా ఖాలా దాంతోని ఒక్క గాజు చేస్తది. అది ఏ సెట్టుదీ కాదు. అందుకే రంగు కలవదు. డజనుకు పైన అదొకటి దీవెనగ వేస్తం. మా బాపు గట్లనే వేసేటోడు."

"అయితే యాప్‌ల రాయాలె. పన్నెండు ప్లస్ ఒకటి అని."

"రాయను."

"ఎందుకు?"

"రాస్తే అది సరుకైతది. లెక్కలకు రాకుంటనే దీవెన."

"చెప్పకుంట ఇస్తే నాకు అనుమానం రాదా?"

"అనుమానమొస్తే అడుగుతరు. కేసు పెట్టరు."

"అడిగిన. నవ్వు బొమ్మ పెట్టిన్రు."

నాగమణమ్మ వంటింటి వైపు మొహం తిప్పుకుంది. నవ్వాపుకుంటోందని వీపు చూస్తేనే తెలుస్తోంది.

బాలనర్సింహకు నవ్వు రాలేదు. గడియారంలో ఆరుకు పదిహేను నిమిషాలు. "తప్పే. బొమ్మ పెట్టకుండ చెప్పేదుండె. ఇప్పుడైతే కంప్లైంటు తీసెయ్యండి. యాప్ పోతే ఆ కుంపటి ఆరిపోతది. రసూల్ చిచ్చాకు వేరే పని రాదు."

శ్రీహిత ఫోన్ తీసింది. మళ్ళీ ఆగింది. "తీసెయ్యాలంటే ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలె. డబ్బాల ఉన్నయి చెప్పినన్నే అని. ఉన్నయి పదమూడు. నేను అబద్ధం మీద సంతకం పెట్టను. ఉద్యోగంల పెట్టలే, ఇక్కడ పెడ్తనా?"

"అయితే ఆ ఒక్కటి నేను వాపస్ తీస్కపోత." చెయ్యి చాపాడు.

"ఏందది?" నాగమణమ్మ గబగబా వచ్చింది. "సీమంతం ఇంట్లకొచ్చిన గాజు వాపస్ తీస్కపోతరా ఎవరన్న? నువ్వు గాజులోల్ల పిల్లగానివేనా అసలు?"

అతని చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆమె అన్నది నిజం. బాపు బతికుంటే ఆ చెయ్యి మీద ఒకటి వేసేవాడు. కానీ గాజు డబ్బాలో ఉండకూడదు, ఇల్లు దాటకూడదు. ముగ్గురూ ఆ ముదురెరుపు గాజు వైపే చూస్తున్నారు. బయట వాన పెరిగింది. ఆరుకు ఎనిమిది నిమిషాలు.

శ్రీహిత ఉన్నట్టుండి గాజు అందుకుంది. ఎడమ చేతికి పెట్టి తోసింది. మెటికల దగ్గర ఆగింది. పళ్ళు బిగపట్టి ఇంకోసారి తోసింది. ఎక్కింది.

"డబ్బాల ఎన్నున్నయి?"

"పన్నెండు," అన్నాడు.

ఆమె డబ్బాను ఫోటో తీసింది. ఏదో నొక్కింది. తెర మీద చక్రం తిరగసాగింది. వానకు సిగ్నల్ పడిపోయింది.

"మేడ మీద వస్తది," అని పరుగెత్తింది. అతనూ వెనకే ఎక్కాడు. గొడుగు ఎవరికీ గుర్తు రాలేదు. ఫోన్ తడవకుండా అతను రెండు చేతులూ పైన పట్టాడు. చూరు లాగా. ఆ చూరు కింద రెండు తలలు వంగి ఉన్నాయి. మూడు నిమిషాలు. రెండు. ఆమె జడ నుంచి నీళ్ళు అతని మణికట్టు మీద పడుతున్నాయి. చక్రం ఆగింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.

అతని చేతులు ఇంకా పైననే ఉన్నాయి.

"ఇగ దించొచ్చు," అంది శ్రీహిత. మొదటిసారి నవ్వింది.

బుధవారం సాయంత్రం ఆమె పురానాపూల్ దుకాణం మెట్లెక్కింది. మొహం సీరియస్‌గా ఉంది. మళ్ళీ ఏం తప్పు పట్టిందో అనుకున్నాడు బాలనర్సింహ.

"ఈ గాజు వస్తలేదు," అంది చెయ్యి చాపి. "చేతికి ఏమున్నా కంపెనీ లోపలికి రానియ్యరు. మూడ్రోజులు లీవు పెట్టిన. రేపు పోకుంటే మెమో ఇస్తరంట."

"లక్క గాజు గదా. రాయితోని ఒక్క దెబ్బ కొడ్తే పగుల్తది. లీవెందుకు?"

ఆమె గోడకు వేలాడే గాజుల వైపు చూసింది. "పగలగొట్టబుద్ధి కాలే."

జహీరాను పిలిచాడు. జహీరా సబ్బునీళ్ళు తెచ్చి, చెయ్యి పట్టుకొని అటూ ఇటూ తిప్పింది. ముప్పై ఏళ్ళుగా చేతులు చూసిన మనిషి. పిల్ల మొహం చూసింది. బాలనర్సింహ మొహం చూసింది.

"పిడికిలి బిగపట్టుకుంటే ఎట్లొస్తది బేటీ?"

శ్రీహిత తల వంచుకుంది. పిడికిలి మాత్రం విప్పలేదు.

"నాతోని కాదు. నువ్వే తియ్యి నర్సింహా," అని జహీరా సబ్బు గిన్నె అతని ముందుకు జరిపి లోపలికి పోయింది. లోపల గులాం రసూల్‌తో ఏదో అంది. ఆయన దగ్గు అందుకున్నాడు.

బాలనర్సింహ ఎన్ని వందల చేతులకు గాజులు వేశాడో అతనికే తెలియదు. ఏ చెయ్యీ ఇంత బరువు లేదు.

"తియ్యాల్నా?"

"డ్యూటీకి పోవాలె గదా."

"తీసినంక?"

"మీ దగ్గరనే ఉంచండి. సాయంత్రం వచ్చి వేస్కుంట."

"రోజూనా?"

"రోజూ అయితే మీకు తక్లీఫా?"

అతను తల అడ్డంగా ఊపాడు. పిడికిలి దానంతటదే విచ్చుకుంది. గాజు సునాయాసంగా జారి అతని అరచేతిలో పడింది.

ఆ తరువాత ప్రతి సాయంత్రం ఆమె వచ్చింది. గాజు వేయించుకునేది. ఊరికే కూర్చోలేక పార్సెళ్ళు కట్టడంలో తప్పులు పట్టేది. పొద్దున కంపెనీ బస్సు పురానాపూల్ మీదుగా పోతుందని చెప్పి, దిగి గాజు ఇచ్చి పోయేది. ఆ బస్సు అటు రాదని గులాం రసూల్‌కు తెలుసు. ఆయన ఎవరికీ చెప్పలేదు.

నెల తిరక్కముందే నాగమణమ్మ ఫోన్ చేసింది. "ఏం నాయినా, లెక్కలకు రాకుంట ఇంకెన్ని రోజులు తిరుగుతది మా పిల్ల? లగ్గం ఎప్పుడు రాయిస్తవ్?"

"ఆదివారం అమ్మను తీస్కొని వస్త అత్తమ్మా," అన్నాడు బాలనర్సింహ. ఆ చివరి మాట ఎట్ల వచ్చిందో అతనికే తెలియదు. పక్కనున్న శ్రీహిత తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఫోన్ పెట్టేసి అతను ఆ రోజు పంపాల్సిన పార్సెల్ చీటీ ముందుకు లాక్కున్నాడు. కలం పట్టుకొని అడిగాడు.

"ఎన్ని?"

"పన్నెండు," అంది శ్రీహిత, పదమూడో గాజు లోపల పెట్టి మూత వేస్తూ.