లైనర్ల షెడ్డులో దగ్గు

ఆటోనగర్‌లో ఆ షెడ్డు ముందు చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. లారీ బ్రేకులకి లైనర్లు అరగదీసి బిగించే షెడ్డు. అందులో పాతికేళ్లు పనిచేసిన రత్తయ్య దగ్గి దగ్గి పోయాడట. పోయాక కూడా దగ్గుతూనే ఉన్నాడట... మూసిన షట్టరు వెనక నుంచి.

మనవాళ్ల ధైర్యం చెప్పుకోవాలి. రత్తయ్య బతికుండి దగ్గుతుంటే ఒక్కడు తొంగి చూడలేదు. పోయాక మాత్రం వీధంతా వణికింది. షట్టరుకి నిమ్మకాయలు కట్టారు, ముందర గుమ్మడికాయ కొట్టారు. ఓనరు వెంకటకృష్ణారావు అందరికంటే పెద్ద దండం పెట్టాడు. “దుమ్మని గొడవ చేశారుగా, మూసేశాను. ఇక అటు వెళ్లకండి, మంచిది కాదు” అని అందరికీ చెప్పాడు. ఎంత దయో!

ఇది నాకు హెప్సిబా చెప్పింది. గుణదలలో ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మొన్న వానాకాలంలో డ్యూటీ దిగి ఆటో ఎక్కింది. ఎనిమిదైంది. సరిగ్గా ఆ షెడ్డు ముందే ఆటో ఆగిపోయింది.

ఖళ్... ఖళ్... ఖళ్...

“విన్నారా మేడమ్...” ఆటో నడిపే సాయిగణేష్ గొణిగాడు. “రత్తయ్య...”

మళ్లీ — ఖళ్... ఖళ్...

అంతే, ఆటో వదిలేసి పరుగు! చేతికి మూడు తాళ్లు, మెడలో తాయెత్తు, ఆటో వెనక సింహం బొమ్మ... ఒక్కటీ ఆపలేకపోయింది వీరుణ్ణి.

హెప్సిబా కూడా పారిపోదామనే ఆటో దిగిందట. కానీ ఆ దగ్గు ఆమెకి తెలుసు. కఫం లేని పొడి దగ్గు, ఊపిరి పూర్తిగా అందని దగ్గు. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద ఎన్నిసార్లు వినలేదు!

చచ్చినవాడికి ఆయాసమెందుకు?

షెడ్డు వెనక్కి నడిచింది. చిన్న తలుపు. కింద సందులోంచి వెలుతురు... లోపల ఏదో అరుగుతున్న చప్పుడు. తోసింది.

చప్పుడు ఆగింది.

ఎదురుగా ఒక ఆకారం. జుట్టు, కనుబొమ్మలు, చేతులు — అంతా బూడిద. కదలకుండా ఆమెనే చూస్తోంది.

“ఎ...వరు?”

“అరవకండమ్మా...” ఆకారం చేతులు జోడించింది. “నేను కృపానందాన్ని. ఇక్కడ పనివాణ్ణి. బతికే ఉన్నానండీ.”

పక్కన గుట్టగా లైనర్లు. ముఖానికి గుడ్డముక్కయినా లేదు.

“ఓనరు గారు రాత్రిపూట చేయమన్నారండీ. దగ్గొస్తే ఆపుకోవద్దన్నారు... అది వింటే ఎవరూ ఇటు రారంట.”

అదీ సంగతి. మనిషి ఊపిరితిత్తులు పాడుచేసింది చాలక, ఆ దగ్గునే కాపలా పెట్టుకున్నాడు ఆ పెద్దమనిషి.

మర్నాడే హెప్సిబా అతన్ని ఆసుపత్రికి రప్పించింది. ఎక్స్‌రే, స్కానింగు చూసి డాక్టరు గారు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టారు.

“ఇది టీబీ కాదు. ఆ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంది. దాని దుమ్ములో కంటికి కనపడని పోగులుంటాయి. ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రావు. ఇరవై, ముప్పై ఏళ్లకి జబ్బు బయటపడుతుంది. క్యాన్సరు కూడా రావచ్చు. పోయిన ఊపిరి తిరిగి తేలేను. ఇవాళే ఆ పని మానెయ్యి.”

హెప్సిబా ఫిర్యాదు రాసింది. తనిఖీకి వచ్చిన అధికారితో వెంకటకృష్ణారావు సిగ్గులేకుండా, “అది దెయ్యాల కొంప సార్, అందులో పనెవరు చేస్తారు?” అన్నాడు.

“మరి కరెంటు మీటరు దెయ్యం తిప్పుతోందా?” అని అధికారి షెడ్డుకి సీలు వేయించాడు.

వారం తర్వాత కృపానందం మళ్లీ ఆసుపత్రికి వచ్చాడు. వెంట అతని భార్య తెరేసమ్మ.

“మా ఆవిడకీ దగ్గండీ. ఒక ఎక్స్‌రే తీస్తారా?”

“ఆవిడా షెడ్డులో పనిచేసేవారా?”

“లేదండీ, ఆ గుమ్మం కూడా తొక్కలేదు. ఎప్పుడూ ఇంట్లోనే.”

హెప్సిబా చేతిలో పెన్ను ఆగింది.

“మీ పని బట్టలు... ఎవరు ఉతుకుతారు?”

“తనేనండీ.” కృపానందం గర్వంగా నవ్వాడు. “మహా శుభ్రం మనిషి. ఇరవై రెండేళ్లుగా... ముందు మా ఇంటి గుమ్మంలో నిలబడి, దుమ్మంతా పోయేదాకా దులిపి దులిపి... అప్పుడు నీళ్లలో వేస్తుంది.”