బామ్మర్ది పట్టిన తాడు

ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర ఒక బైకువాడి సంచిలో పులిగోళ్ళు దొరికాయి. వాటిని చుట్టిన గుడ్డ మీద బొగ్గుతో గీసిన పటం ఉంది. నిట్టనిలువు బండ, మూడు తేనెపట్లు, కింద నల్లటి చుక్క.

పులుల జాడ తీసే చెంచు ఈదన్న దాన్ని చూడగానే, "గద్దల బండ మేడం! ఆ చుక్క గుహ! దొంగ మాలు ఆడ్నే దాచిన్రు!" అని ఆఫీసరు సుభాషిణికి కేక వేశాడు. ఎడమ పాదంలో గాటున్న ఆడపులి జాడ నలభై రోజులుగా కనబడటం లేదు. ఏడేళ్ళు దాని వెనకే తిరిగిన మనిషి, అది బతికుందో లేదో తేలేదాకా ముద్ద దిగుతుందా?

తెల్లారగానే ముగ్గురూ నల్లమలలోకి బయలుదేరారు. ఈదన్న, అతని భార్య తమ్ముడు బయ్యన్న, ఆఫీసరు సుభాషిణి. ముళ్ళు చీరుకుంటూ, జారే రాళ్ళ మీద పాకుతూ మిట్టమధ్యాహ్నానికి బండ నెత్తికెక్కారు. కిందికి చూస్తే కళ్ళు తిరిగే లోయ.

"ఆడేం ఉండదు బావా, ఈగలు లేస్తే సస్తం. పోదాం పా!" దారంతా బయ్యన్నది ఇదే పాట.

సుభాషిణి తాడందుకోబోతే ఈదన్న నవ్వాడు. "మా చెంచుల్ల బండ దిగితే తాడు బామ్మర్దే పట్టాలె మేడం. అక్క బొట్టు చెరుగుతదని వాడు పాణం పోయినా ఇడ్వడు."

నడుముకు తాడు బిగించి దిగాడు. సగం దూరంలో తాడు ఒక్కసారిగా వదులైంది! రెండు బారలు జారి రాతికి కొట్టుకున్నాడు. మోచెయ్యి చీరుకుపోయింది. తేనెటీగలు గుయ్యిమన్నాయి.

"చెయ్యి జారింది బావా!"

"గట్టిగ పట్టరా!"

గుహలో దూరి టార్చి వేశాడు. చీమల్ని తినే అలుగు జంతువు పొలుసుల మూటలు నాలుగు, పక్కన చుట్టిపెట్టిన పులిచర్మం. విప్పాడు. గోళ్ళు పీకేసిన ఎడమ పాదంలో అదే గాటు! ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని ఈదన్న భోరుమన్నాడు. లేవబోతే కాలికి కత్తి తగిలింది. పిడికి రాగితీగ చుట్టింది తనే. తన పెళ్ళినాడు బయ్యన్నకిచ్చిన కత్తి, వాగులో పోయిందని వాడు చెప్పిన కత్తి.

ఓరి ద్రోహీ! తాడేమో పైన వాడి చేతిలోనే ఉంది. తాను మిగలకపోయినా సాక్ష్యం మేడంకు చేరాలనుకున్నాడు. నడుము తాడు విప్పి, చర్మాన్నీ కత్తినీ కలిపి దానికి కట్టి, "లాగు!" అని అరిచాడు.

తాడు పైకి పోయింది. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. చివరికి తాడు కొస గుహ ముందు ఊగింది. "కట్టుకో బావా!" అని పైనుంచి ఏడుపు గొంతు వినిపించింది.

పైకి వచ్చేసరికి సుభాషిణి వైర్‌లెస్‌లో సిబ్బందిని పిలుస్తోంది. తాడు ఒరుసుకుని బయ్యన్న అరచేతుల్లోంచి రక్తం కారుతోంది.

"ముందు ఇడుద్దామనుకున్న బావా. అక్క యాదికొచ్చింది. ఇడువలే."

"నన్ను ఇడువలే గని, నేను నీకు చూపిన జాడ మీదనే ఈ పులికి ఉచ్చు పెట్టినవు గదరా!"

నాలుగు మూటలు ఇంకా కిందే ఉన్నాయి. ఈదన్న తాడును చెట్టుకు ఒక చుట్టు తిప్పి, మళ్ళీ నడుముకు బిగించాడు. అలవాటుగా బయ్యన్న చేతులు చాచాడు. ఈదన్న వాడి వైపు చూడకుండా తాడు కొస సుభాషిణి చేతిలో పెట్టాడు.

"మీరే పట్టుండ్రి మేడం. నాకు బామ్మర్ది లేడు."