గార్డు బంగళాలో వరస లేని పాట

1963 డిసెంబరు 24, మంగళవారం. పొద్దున సన్నగా తుంపర పడింది. మధ్యాహ్నం కాసేపు ఎండ కాసింది. చీకటి పడేసరికి ఖరగ్‌పూర్ మీద పొగమంచు దిగి, ఎదురుగా వస్తున్నది సైకిలో మనిషో తెలియకుండా పోయింది. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ వారమంతా నేను దగ్గుతో సెలవులో ఉన్నాను. దగ్గిన రోజులన్నీ డైరీలో రాసుకోవడం నా అలవాటు. కాలేజీలో చరిత్ర చదివినవాడికి తేదీల పిచ్చి అంత తొందరగా వదలదు.

సాలువా వెళ్లే దారిలో, రైల్వే క్వార్టర్లు అయిపోయిన చోట, ఒక పాడుబడ్డ బంగళా ఉండేది. గార్డు బంగళా అనేవాళ్లం. పెంకులు జారిపోయాయి. గోడ మీద తారుతో పెద్ద ఇంటూ గుర్తు వేసి వదిలేశారు. పగలు అక్కడ మేకలు తిరిగేవి. రాత్రయితే మేకలు కూడా తిరిగేవి కావు.

ఏటా క్రిస్మస్ వారంలో అక్కడ ఏదో పాడుతుందని చెప్పుకునేవారు. ఏడవడం కాదు, గజ్జెల చప్పుడు కాదు... పాట! ఆ పాటకు వరస ఉండదు. రెండు మెట్లు పైకెక్కి, ఒకే స్వరం మీద నిలబడి, చటుక్కున ఆగిపోతుంది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ మొదలు. విన్నవాళ్లకు ఆ పాటకంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయం.

ఇది నేను చూసింది కాదు, జ్ఞానప్రకాశం చెప్పగా విన్నది. ఒకసారి కాదు, ఓ నలభైసార్లు విన్నాను. ఒక్కసారీ మాట మార్చలేదు.

ప్రకాశం ఆ ఏడే వాల్తేరు నుంచి బదిలీ మీద వచ్చి మా వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. ఆరడుగుల మనిషి, నూతిలోంచి వచ్చే గొంతు. భార్య దేవమణి పురిటికి పుట్టింటికి వెళ్లింది. కొత్తవాడు కనక సెలవు దొరకలేదు. ఊళ్లో ఎవరూ తెలియదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి క్రిస్మస్ రాత్రి ఒక్కడే గడపాలి. రెండో షిఫ్టు పదింటికి అయిపోయింది. తాళం వేసిన ఆ గదికి వెళ్లాలంటే కాళ్లు రాలేదు.

గేటు దగ్గర తవిటయ్య టీకొట్టులో మూడు టీలు తాగాడు. నాలుగోది అడిగితే తవిటయ్య పొయ్యి ఆర్పేశాడు.

"ఇంటికెల్లండి బావూ. సుట్టూ తిరిగి పెద్ద రోడ్డమ్మట ఎల్లండి. గార్డు బంగళా ఏపు మాత్రం ఎల్లకండి."

"ఏటుంది అక్కడ?"

"పాడతాది."

"ఏ పాట?"

"ఏ పాటా కాదు. అదే బయ్యం."

ప్రకాశం నిట్టూర్చాడు. "ఈ రాత్రి దెయ్యం పలకరించినా సంతోషమే తవిటయ్యా."

"అలాగనీకండి... ఇంటాది!"

అతను బంగళా దారినే పట్టాడు. ధైర్యముండి కాదు. పెద్ద రోడ్డమ్మట వెళ్తే ఇంటింటికీ కాగితపు నక్షత్రం వెలుగుతుంటుంది, లోపల జనం నవ్వుతుంటారు. దానికంటే దెయ్యమే నయమనిపించిందట.

మంచు చిక్కబడింది. తన చెప్పుల చప్పుడు తనకే రెండుగా వినిపిస్తోంది.

బంగళా గేటు ఎదురుగా వచ్చాడు... అప్పుడు వినిపించింది.

సన్నటి గొంతు. రెండు మెట్లు ఎక్కింది. ఒక స్వరం మీద నిలబడింది. ఆగింది.

నిశ్శబ్దం.

పరిగెత్తుదామనుకున్నాడు. మంచులో ఎటు దారో కనబడలేదు. ప్రార్థన చేద్దామనుకున్నాడు. ఒక్క మాటా గుర్తు రాలేదు.

మళ్లీ అదే గొంతు... అదే చోట ఆగింది. ఎవరికోసమో కాచుకున్నట్టు.

మూడోసారి ఆగేసరికి, ప్రకాశం వేళ్లు వాటంతటవే తొడ మీద తాళం వేస్తున్నాయి. ఒకటి... రెండు... మూడు... నాలుగు. సరిగ్గా నాలుగో దెబ్బకి గొంతు మళ్లీ అందుకుంది. ఈ నాలుగు దెబ్బలు తనకు తెలుసు! పదో ఏట నుంచీ తెలుసు!

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా క్రైస్తవ మిత్రులు కొన్ని పాటలు నాలుగు గొంతులతో పాడతారు. పైగొంతు అసలు వరస పాడితే మిగతా మూడూ దాన్ని కిందనుంచి మోస్తాయి. ఆ మోసే గొంతుల్లో ఆల్టో అని ఒకటి. అది ఒక్కటే వింటే పాటలా ఉండదు, పందిరి లేని గుంజలా ఉంటుంది. ఆల్టో ఆగిన చోట బేసు, అంటే లోతు గొంతు, అందుకోవాలి. వాల్తేరు చర్చిలో ప్రకాశం పాడేది ఆ బేసే.

నాలుగోసారి గొంతు ఆగింది. భయంతోనో, అలవాటుతోనో... ప్రకాశం నోరు తెరిచి తన వంతు పాడేశాడు.

లోపల గొంతు తడబడింది. ఆగలేదు. అతని బేసు మీద కాలూని రెండో లైను ఎత్తుకుంది. చీకట్లో ఇద్దరూ కలిసి... ఆ లైను మధ్యలో ప్రకాశం అపశ్రుతి పలికాడు.

పాట టక్కున తెగింది.

తర్వాత వరండా చీకట్లోంచి గుసగుసగా...

"సత్యవేదం అన్నయ్యా... వచ్చినావేటి?"

ప్రకాశం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎల్లిపోయి ఆరేళ్లయింది. అయినా రెండో లైన్లో సుతి తప్పడం మానలేదే నువ్వు!"

"అమ్మా, నేను... నేను అన్నయ్యను కాదండీ. ఫిట్టర్నండీ."

టార్చి వెలిగింది. పేము కుర్చీలో మఫ్లరు చుట్టుకున్న ఒక ముసలావిడ. పక్కన ఇంకో పేము కుర్చీ, ఖాళీగా. ఒళ్లో ఫ్లాస్కు, అచ్చుతో వేయించిన గులాబీ పువ్వుల పిండివంట డబ్బా.

"బతికున్నోడివా?" అంది, కొంచెం నిరాశగానే. "సర్లే, కూకో. పువ్వులు తిను. తెల్లారేలోగా ఆ లైను నేర్పుతాను."

ఆవిడ సూసన్న. గార్డు సత్యవేదం ఉన్న రోజుల్లో డిసెంబరంతా ఈ వరండాలోనే పాట నేర్చుకునేవారట. పైగొంతు పెళ్లయి వెళ్లిపోయింది. ఇంకో గొంతు బిలాస్‌పూర్ బదిలీ అయింది. బేసు పాడే సత్యవేదం పోయాడు. చర్చిలో కొత్త పిల్లలు డోలక్ పెట్టుకుని అందరూ ఒకే వరస పాడుతున్నారు. సూసన్నకు మిగిలింది తన పావు పాట. గోల్‌బజార్ వెనక గదిలో పాడుకుంటే పక్కింటి బెంగాలీలు వచ్చి, "మాషీమా, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతున్నారట. అందుకని ఏటా పండగ వారం ఇక్కడికొచ్చి, మిగతావాళ్ల చోట్లు ఖాళీగా వదిలి, తన వంతు తాను పాడుకుంటోంది.

"ఈ ఊరంతా మిమ్మల్ని దెయ్యమనుకుంటున్నారండీ" అన్నాడు ప్రకాశం.

"అనుకోనీ. మేకలైనా రాకుండా ఉన్నాయి."

తెల్లారిందాకా పాడారు. పై ఏటికి దేవమణి పైగొంతయింది. నాలుగో గొంతుకు తవిటయ్యను పట్టుకొచ్చారు. అతనికి ప్రభువెవరో అంతగా తెలియదు గానీ శ్రుతి తెలుసు. నన్నూ పరీక్షించి సూసన్నగారు, "మీరు లాంతరు పట్టుకోండి రావుగారూ" అన్నారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ, ఎనిమిది క్రిస్మస్‌లు పట్టుకున్నాను.

ఒక్కటి మాత్రం ప్రకాశం ఇప్పటికీ ఒప్పుకోడు. "పదో ఏట నుంచి పాడుతున్నాను రావుగారూ. ఆ లైను అంతకుముందు తప్పలేదు, ఆ తర్వాతా తప్పలేదు. ఆ ఒక్క రాత్రీ..." అని ఆగుతాడు. నేను దగ్గుతాను.

సూసన్నగారు 1972 ఫిబ్రవరిలో పోయారు. దిండు కింద ఒక కాగితం దొరికింది. పాటల పుస్తకం ప్రకాశానికి. గులాబీ పువ్వుల అచ్చు దేవమణికి. ఫ్లాస్కు తవిటయ్యకు. ఏనాడూ ఒక కార్డు ముక్కయినా రాయని చెల్లెలి కొడుక్కి ఏమీ లేదు. కింద ఇంకో లైను... "పేము కుర్చీ ఒకటి, సత్యవేదం అన్నయ్యకి."

"ఆయనెలాగ అట్టుకెల్తాడు బావూ?" అన్నాడు తవిటయ్య.

ఎలాగూ తీసుకెళ్లలేడు కనక ప్రకాశం ఇంట్లోనే ఉంచారు. క్రిస్మస్ రాత్రి పాడేటప్పుడు బేసు పక్కన వేస్తారు. ఖాళీగానే ఉంది కదా అని మొన్న నేను కూర్చోబోయాను. తవిటయ్య నా రెక్క పట్టుకుని లేపేశాడు.

"లెగండి బావూ, అది ఆయన కుర్చీ."

ఆ కాగితంలో నా పేరున ఏమీ రాలేదు. నేను పట్టుకున్న లాంతరు కూడా మొదట్నుంచీ నాదే. నిలబడే వింటున్నాను.