రెండు దినాలు

"మూడు వారాల తర్వాత వచ్చే శుక్రవారం, పొద్దున పదకొండింటికి, రాయదుర్గంలో పోలీసులు కాల్పులు జరుపుతారు," అన్నాడు చీఫ్ నరసింహమూర్తి. "ఆ సంగతి పోలీసులకే ఇంకా తెలీదప్పా."

వీరేశం నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. అనంతపురం మనిషైన చీఫ్ జోకు వేసినా, చావు కబురు చెప్పినా ఒకే ముఖం పెడతాడు.

కొత్తగూడ చౌరస్తాలో స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు వెనక ఉన్న గది అది. బోర్డు చూసి నిజంగానే చేరడానికి వచ్చేవాళ్లను తిప్పి పంపడం ఈ నిఘా డిపార్ట్‌మెంట్‌కు రోజూ ఓ పని. అది 2011. సకల జనుల సమ్మె మొదలై బస్సులు డిపోల్లో పడుకున్నాయి. మాదాపూర్ ఆఫీసుల్లోని తెలంగాణ ఉద్యోగులు రాయదుర్గం దాకా ర్యాలీ తీయాలని నిర్ణయించారు.

చీఫ్ బల్ల మీద ఫొటో పెట్టాడు. తెల్లవాడు, నున్నటి గడ్డం.

"పేరు బ్రూనో. పైకి కన్సల్టెన్సీ, లోపల విదేశీ ముఠా. వాళ్ల షూటర్ రాయదుర్గంలో తమ ఆఫీసు టవర్ తొమ్మిదో అంతస్తు కిటికీలోంచి ర్యాలీ మీద ఐదు రౌండ్లు కాలుస్తాడు. తర్వాత దొరికే ఖాళీ తూటా గొట్టాల మీద మాత్రం పోలీసుల ముద్ర ఉంటుంది. ఫైరింగ్ రేంజ్‌లో వాడి పారేసినవి ఏరుకొచ్చి పెట్టుకున్నారు. వాటినే మళ్లీ నింపుతారు."

"అంటే పోలీసులే పిల్లలను చంపిండ్రని ఊరంత తగలబడతది."

"అదే ప్లాన్. ఊరు కాలితే ఇక్కడి కంపెనీలు ఏ దేశానికి పోతాయో ఆ దేశం ఖర్చు పెడుతోంది. ఇప్పుడే పట్టుకుంటే బ్రూనో తెల్ల కాగితంలా బయటికొస్తాడు. ట్రిగ్గర్ నొక్కినాకే పట్టుకోవాల. కానీ తూటా పేలకూడదు. వాళ్లకు గొట్టాలున్నాయి, మందుంది, గుండుంది. ప్రైమర్ పెట్టే పనోడు దొరకలేదు. దాన్ని మీవాళ్లు ఏమంటారు?"

"టోపీ, సార్."

వీరేశం తండ్రి కరీంనగర్‌లో తుపాకులు బాగుచేసేవాడు. తూటా అడుగున బొట్టుబిళ్లంత ఉంటుంది ప్రైమర్. పిన్ను వచ్చి దాన్ని కొడితే నిప్పు పుడుతుంది, ఆ నిప్పుకు లోపలి మందు అంటుకుంటుంది. టోపీ చచ్చిందంటే తూటా ఉత్త ఇత్తడి.

"అయితే పో," అన్నాడు చీఫ్. "పోయి వాళ్లకు టోపీ పెట్టు."

* * *

పుప్పాలగూడలో సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంటు సెల్లార్. మూడు రోజుల గడ్డంతో, నూనె మరకల చొక్కాతో మెకానిక్ వేషంలో దిగాడు వీరేశం. మెట్ల దగ్గర ఒకామె నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, మెడలో కంపెనీ ఐడీ కార్డు, తెల్లటి కుర్తా. సెల్లార్‌లోని సిమెంటు దుమ్ము ఆమె దగ్గరికి వెళ్లడానికి జంకుతున్నట్టుంది.

"లిఫ్ట్ నడుస్తదా?" అనడిగాడు.

"మెట్లే నయమండీ," అందామె.

కోడ్ కలిసింది. ఆమె సంయుక్త. కాకినాడ పిల్ల. బ్రూనో ఆఫీసులో హెచ్చార్ హెడ్, బ్రూనో లెక్కలో అతని ఏజెంటు. అసలు లెక్కలో డిపార్ట్‌మెంట్ మనిషి. ఆ ఐడీ కార్డులో మైక్ ఉంది. బ్రూనో నమ్మకం కోసం డిపార్ట్‌మెంట్ అనుమతితోనే పాత కోడ్‌లన్నీ అతనికి అప్పగించింది. ఆపదలో వాడాల్సిన 'సర్వర్ డౌన్' కూడా వాటిలో పోయింది. కొత్త కోడ్ ఇస్తామన్నారు. ఆఫీసు ఆఫీసే కదా, ఇవ్వలేదు.

లోపల బ్రూనో ఉన్నాడు. బల్ల మీద మూడు డబ్బాల ప్రైమర్లు, రెండు పనిముట్లు పరిచాడు. ఇది పనివాడికి పరీక్ష. సంయుక్త అతని మాటను తెలుగులో చెప్పింది.

"ఏది కావాలో తీసుకోమంటున్నారండీ."

వీరేశం మొదటి డబ్బాను పక్కకు నెట్టాడు. "ఇవి వెండి లెక్క మెరుస్తయి. పోలీసు తూటాకు గిట్లుండవు, చూడంగనే దొరుకుతరు." రెండోదీ నెట్టాడు. "ఇవి పిస్తోలుకు. పల్చగుంటయి, రైఫిల్ మందుకు ఆగవు." రాగి రంగు డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు.

బల్లకు బిగించే పెద్ద ప్రెస్ వైపు బ్రూనో కనుబొమ్మ ఎగరేశాడు. అది తొందరగా పనవుతుంది. వీరేశం తల అడ్డంగా ఊపి, గుప్పిట్లో పట్టే చిన్న హ్యాండ్ టూల్ తీసుకున్నాడు.

"అది జోరుగ నొక్కుతది గానీ దానికి తెల్వదు. ఇదైతే టోపీ కూసునుడు అరచేతికి తెలుస్తది."

బ్రూనో తృప్తిగా నవ్వాడు. అరచేతికి ఇంకేం తెలుస్తుందో అతనికి తెలియదు. ఇరవై తూటాల్లో పది బతికినవి, పది చచ్చినవి. చచ్చినవాటి టోపీ వెంట్రుక వాసి లోతుగా కూర్చుంటుంది. చూస్తే కనపడదు, గోటితో రాస్తే తగులుతుంది. ప్రైమర్‌ను ఎలా చంపాడన్నది వీరేశం చివరికి రిపోర్టులో కూడా రాయలేదు.

"ఎన్ని రోజులు పడుతుందని అడుగుతున్నారండీ," అంది సంయుక్త.

"మూడు దినాలు."

ఆమె ఉలిక్కిపడింది. మెట్లెక్కేటప్పుడు నవ్వుతూ కసిరింది.

"అదేం మాటండీ బాబూ! మా వైపు దినాలంటే చావుకేనండీ. పదకొండో దినం, పెద్ద దినం అంటాం చూడండి. రోజులు అనండి."

"మా దిక్కు పుట్టినా దినమే, సచ్చినా దినమే. ఫికర్ చెయ్యకు."

* * *

ఆ మూడు వారాలు వీరేశం జీవితంలో బాగున్న వారాలు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలుసు. అదొక్కటే ఇప్పుడతనికి ఊరట.

మధ్యాహ్నాలు కొత్తగూడలో సీతాబాయి చాయ్ డబ్బా దగ్గర కలిసేవాళ్లు. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఖాళీ తూటా మీద కళ్లు మూసుకుని గోరు రాయడం నేర్పాడామెకు. మంగళవారం బ్రూనో క్వారీలో ఐదు రౌండ్లు టెస్ట్ చేస్తాడు. ఆమె బతికిన ఐదు ఏరివ్వాలి. శుక్రవారం చచ్చిన ఐదు షూటర్‌కు అందించాలి. నాలుగో మధ్యాహ్నానికి ఆమె వేలు తప్పడం మానేసింది.

"రేపు తెలంగాణ వచ్చేస్తే మమ్మల్ని పొమ్మంటారాండీ?" అనడిగింది ఓసారి. నవ్వుతూనే అడిగింది గానీ, నవ్వు కళ్లదాకా పోలేదు.

"నిన్నెవరు పొమ్మంటరు? ఈ పని ఒడవనియ్యి. మా ముచ్చట మొత్తం నేర్పుత. పక్కా ఇక్కడిదానివైతవు."

"అన్నీ నేర్చుకుంటానండీ. ఆ దినాలు మాత్రం నా నోట రాదు. వచ్చిందంటే నాకు దినాలు దగ్గరపడ్డాయనుకోండి."

సీతాబాయి ఇద్దరినీ చూసి, అడగకుండానే చాయ్‌లో అల్లం ఎక్కువేసింది.

బుధవారం ఫోన్ వచ్చింది. ముందురోజు టెస్ట్ బాగా జరిగిందని వీరేశానికి అప్పటికే తెలుసు.

"నేనేనండీ. ఐడీ కార్డు పాడైంది, కొత్తది ఇస్తామన్నారు. అందుకే మాట వినపడి ఉండదు. అంతా బాగుంది." చిన్న ఆగుడు. "రెండు దినాల్లో కలుద్దాం. రెండే దినాలు."

వీరేశం ఫోన్ పెట్టేశాక కూడా నవ్వుతూనే ఉన్నాడు. నేర్చుకుంది! తన కోసం ఆ మాట నేర్చుకుంది. ఆ సంతోషంలో సెలూన్‌కు వెళ్లి గడ్డం గీయించుకున్నాడు. చీఫ్‌కు మాత్రం "ఆల్ క్లియర్ సార్" అని రిపోర్ట్ చేశాడు.

* * *

శుక్రవారం, పదిన్నర. చాయ్ డబ్బా. ప్లాన్ ప్రకారం చీఫ్ మనుషులు టవర్ వెనక వ్యానులో ఉన్నారు. ట్రిగ్గర్ నొక్కాకే లోపలికి వెళ్తారు. చచ్చిన తూటాలకు తొందరేముంది? వీరేశం రెండో చాయ్ చెప్పాడు.

బ్యాగు తగిలించుకున్న ఓ ఆఫీసు అమ్మాయి వచ్చింది. సీతాబాయి డబ్బా సర్దేస్తోంది.

"ఇయ్యాల్టి సంది పది దినాలు దుకాణం బంద్, బిడ్డా," అందామె.

అమ్మాయి ముఖం మాడిపోయింది. "అయ్యో! ఎవరు పోయారండీ?"

"ఎవలు పోతరు? సమ్మె గదా! పది దినాలంటే పది దినాలే."

"మా వైపు దినాలంటే చనిపోతేనేనండీ. భయపడిపోయాను," అంటూ ఆ అమ్మాయి నవ్వింది.

గ్లాసు వీరేశం చేతిలోంచి జారిపోయింది.

రెండు దినాల్లో కలుద్దాం. రెండే దినాలు. ఒక్కసారి కాదు, రెండుసార్లు అంది. ఏ కోడూ మిగలని మనిషి తన దగ్గరున్న ఒకే ఒక్క మాటను రెండుసార్లు అతని చెవిలో వేసింది. పుట్టినప్పటినుంచి వింటున్న మాట కాబట్టి అతనికి అందులో ఏమీ వినిపించలేదు. ఆమె వైపు వాళ్లెవరు విన్నా ఉలిక్కిపడేవాళ్లు.

"అమ్మా, నీ బండి!"

సీతాబాయి తాళంచెవి విసిరింది. మోపెడ్ మీద దూకి చీఫ్‌కు ఫోన్ చేశాడు. "సార్, ఆమె దొరికిపోయింది! బుధవారమే! వాళ్ల చేతుల్ల మంచి తూటాలు ఐదున్నయి. పైకి పొండ్రి!"

మాదాపూర్ వైపు నుంచి ర్యాలీ రోడ్డు నిండా వస్తోంది. డప్పులు, జెండాలు, మెడలో ఐడీ కార్డులు వేలాడుతున్న వందలమంది పిల్లలు. వ్యాను ఆ జనం వెనక ఇరుక్కుపోయింది. వీరేశం మోపెడ్ వదిలేసి పరుగెత్తాడు. సంయుక్త ముందే ఇచ్చిన గెస్ట్ కార్డు గీకి లోపలికి వెళ్లాడు. లిఫ్ట్ పై అంతస్తులో ఆగి ఉంది. మెట్లే నయమండీ. తొమ్మిది అంతస్తులూ ఆ మాటే చెవుల్లో మోగింది.

పదకొండుకు నిమిషం తక్కువ. అద్దాల తలుపు అవతల కిటికీ దగ్గర షూటర్ బోర్లా పడుకుని ఉన్నాడు. బ్రూనో చేతిలో పిస్టల్ ఉంది. సంయుక్తను కుర్చీకి కట్టేసి ఉంచారు. వీరేశం తుపాకీ తీశాడు. షూటర్ వేలు బిగుసుకుంది.

టిక్.

వీరేశం ఆ చప్పుడును గుర్తుపట్టాడు. అది తన చేతి పనే. షూటర్ బోల్ట్ లాగి మళ్లీ నొక్కాడు. టిక్. బ్రూనో మెల్లగా సంయుక్త వైపు తిరిగాడు. ఆమె తల దించుకోలేదు.

అద్దం పగిలింది. రెండు తుపాకులు ఒక్కసారే పేలాయి. బ్రూనో పడ్డాడు. షూటర్ చేతులెత్తాడు. కింద డప్పుల హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

వీరేశం కట్లు విప్పి ఆమెను ఒళ్లోకి తీసుకున్నాడు. తెల్ల కుర్తా ఎర్రబడుతోంది.

"చెప్పాను కదండీ," అంది. "వినలేదా?"

"విన్న." అరచేతితో గాయాన్ని అదిమిపెట్టాడు. "మా మాట నేర్చుకున్నవని... ఖుషీ అయిన."

ఆమె అతని నున్నటి గడ్డం వైపు చూసింది. అర్థమైనట్టుంది. నవ్వబోయింది. "పిచ్చివారండీ మీరు," అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

* * *

మిగతాది షూటర్ చెప్పాడు. బుధవారం పొద్దున ఆమె తూటాల మీద గోరు రాస్తుంటే బ్రూనో చూశాడు. ఇక్కడి తెలుగు తెలిసిన షూటర్ పక్కన వింటుండగా, తల మీద పిస్టల్ పెట్టి ఫోన్ చేయించాడు. మంచివి ఐదు ఏరిస్తే వదిలేస్తానన్నాడు. పేల్చి చూడటానికి వీల్లేదు. మిగిలిన మంచివి ఐదే, పైగా ఆ రోజు నుంచి దారి పొడవునా పోలీసు పికెట్లు. ఆమె చేతి మీదే ఆధారపడ్డారు. ఆమె కళ్లు మూసుకుని, ఒక్కొక్కటీ గోటితో రాసి, ఐదు ఏరిచ్చింది. అవి టిక్‌మన్న క్షణం తనకు ఆఖరి క్షణమని తెలిసే ఏరింది. వేలు ఒక్కసారీ తప్పలేదు.

"నేను నేర్పిన సార్," అన్నాడు వీరేశం చీఫ్‌తో. "రెండు దినాలు టైమిచ్చింది. నేను గడ్డం గీయించుకున్న."

చీఫ్ బల్ల మీది పేపరు మడతపెట్టాడు. "ర్యాలీ ప్రశాంతంగా ముగిసిందని రాసినారు పేపర్లో," అన్నాడు. "నాలుగు లైన్లు."

పదకొండో రోజున కాకినాడ వెళ్లాడు. సంయుక్తతో కలిసి పనిచేసిన వ్యక్తినని చెప్పుకున్నాడు. తల్లి నాగేశ్వరి కంచంలో అన్నం వడ్డించి, తినలేకపోతున్న అతన్ని కాసేపు చూసింది.

"అమ్మాయి దినాలకి ఇంత దూరం వచ్చారు. ఎన్నాళ్లుంటారు బాబూ?"

వీరేశం నోరు తెరిచాడు. పుట్టినప్పటినుంచి నాలుక మీదున్న మాట ముందుకొచ్చి, అక్కడే ఆగిపోయింది.

"రెండు రోజులండీ," అన్నాడు.

"తెలంగాణ వాళ్లన్నారు," అందామె ఆశ్చర్యంగా. "మీ మాట అచ్చం మావాళ్ల మాటలాగే ఉందే!"