ఒకే మోడల్ డిస్కులు రెండు

ఏజెంట్లకి పని నేర్పిన మాస్టారిని సెలూన్ కుర్చీలోనే చంపేశారు. గడ్డం మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు. మెడ మీద సూది గుచ్చిన చుక్క తప్ప ఒంటి మీద గాయమన్నది లేదు. గాజు తలుపు బయట కాపలా ఉన్న ఏజెంటు లోపలికొచ్చి నాడి చూశాడు. ఫోన్ చేశాడు. పట్టు పడితే వదలడని ఆఫీసులో అందరూ అతన్ని ఉడుము అంటారు. ఆ రోజు మాత్రం పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పన్ను పీకే ముందు మత్తు సూది ఇస్తే చెంప ఎలా మొద్దుబారుతుందో, లోపలంతా అలా అయిపోయింది.

ఆఫీసు పెద్దాయన కబురు పెట్టేనాటికి కూడా ఆ మత్తు దిగలేదు.

"మాస్టారింట్లో ఒక స్టోరేజ్ పెట్టె ఉంది," అన్నాడు పెద్దాయన కిటికీ తెర లాగేస్తూ. "రెండు హార్డ్ డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. పరాయి దేశంలో మన కోసం ప్రాణాలకు తెగించి పనిచేస్తున్న వాళ్ళ మొహాలు, గొంతులు, అన్నీ అందులోనే."

"ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారు సార్?"

"మన ఆఫీసులో ఎవరో నీలిగొడుగు ముఠాకి అమ్ముడుపోయారని ఆయన అనుమానం. నిజమేనని ఆయన చావే చెప్పింది." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఒక డిస్కు పాడైంది. పెట్టె కూత పెడుతోందని ఆయన భార్య షాపుకి ఫోన్ చేసింది. మనం విన్నాం. నీలిగొడుగు ముఠా కూడా వినే ఉంటుంది. మన వాళ్ళని ఆవిడ గడప తొక్కనివ్వదు. మెకానిక్‌లా వెళ్ళు, మంచి డిస్కు పెట్టు. ఎవరైనా దాని చుట్టూ తిరుగుతుంటే 'కేబుల్ పొట్టిగా ఉంది' అను. చొక్కా బొత్తాంలో మైకు ఉంటుంది. కానీ ఆపకు. నాకు తోక కాదు, తల కావాలి."

"ఇంకెవరికి తెలుసు?"

"నీకూ నాకూ. టెక్నీషియన్‌కి."

టెక్నీషియన్ నడివయసు ఆడమనిషి. బల్ల మీద డిస్కులు పేర్చి, ఒక్కొక్కటే పక్కకి నెట్టింది.

"ఇది చిన్నది. పాతదాని సైజుకి తగ్గితే పెట్టె ఒప్పుకోదు. ఇది మామూలు కంప్యూటర్‌ది, పగలూ రాత్రీ తిరగమంటే చేతులెత్తేస్తుంది. దీని సైజు బాగానే ఉంది, కానీ డేటా గీతల్ని పెంకుల్లా ఒకదాని మీదకి ఒకటి ఎక్కించి రాస్తుంది. కాపీ మధ్యలో నత్తనడక మొదలెడితే, చచ్చిందనుకుని పెట్టె బయటికి గెంటేస్తుంది." చివరికి ఒకటి మిగిలింది. "పెట్టె తయారుచేసినవాళ్ళు సరేనన్న వాటిలో ఇప్పుడు బజార్లో దొరికేది ఈ మోడల్ ఒక్కటే. ఎవరు వెతికినా దీని దగ్గరికే రావాలి. ఈ పిల్లకి ఇంకో సంబంధం లేదు."

మామూలుగా అయితే ఉడుము నవ్వేవాడు. తలూపి, డిస్కు సంచిలో పెట్టుకున్నాడు.

మాస్టారి ఇల్లు మూడో అంతస్తు. పెట్టుడు మీసం, నీలం చొక్కా, టూల్స్ సంచి. తలుపు తీసిన పెద్దావిడ అతన్ని పైనుంచి కిందికి చూసి, "చెప్పులు అక్కడ," అంది. హాల్లో ఇస్త్రీ బల్ల మీద తువ్వాళ్ళు మడత పెట్టి ఉన్నాయి. మూల షెల్ఫులో పెట్టె ఉంది. కూత వినిపించలేదు.

"నిన్న ఒకమ్మాయి కొత్త డిస్కు పెట్టింది. మా ఆయన శిష్యురాలట. అది దీనికి సరిపోదని, తీసేసి తీసుకెళ్తానని ఇవాళ మళ్ళీ వచ్చింది," అంది పెద్దావిడ. "నువ్వొచ్చావు కదా, నువ్వే తియ్యి. ఆ గోళ్ళు చూస్తే నాకు భయం."

సోఫాలోంచి ఆ అమ్మాయి లేచింది. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, గది నిండా సెంటు వాసన. మైనా! ఉడుముతో కలిసి నాలుగు సరిహద్దులు దాటిన మనిషి, ఆఫీసులో అందరి ముద్దుబిడ్డ.

పెద్దావిడ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు చూసుకోవడానికి వంగగానే మైనా అతని పక్కకి చేరింది.

"ఆ మీసం నీకు నప్పలేదు," అంది గుసగుసగా. "పెద్దాయన నన్నూ పంపారు. నీకు చెప్పలేదా?"

"లేదు."

"ఆయన సంగతి తెలుసుగా. తొందర్లో మామూలు కంప్యూటర్ డిస్కు తెచ్చాను. వేడెక్కిపోతోంది. పీకి ఇచ్చెయ్, మార్చి తెస్తాను."

ఉడుము మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తలుపు తెరిచాడు. లేబుల్ చదివాడు. ఇరవై నాలుగ్గంటలూ తిరిగే రకం. తన సంచిలో ఉన్న మోడలే. దీనికి ఇంతకన్నా సరిపోయే డిస్కు లోకంలో లేదు.

పచ్చ దీపాలు రెండూ నిలకడగా వెలుగుతున్నాయి. అంటే కాపీ పూర్తయింది. పాత డిస్కులో ఉన్న ప్రతి మొహం, ప్రతి గొంతూ రాత్రికి రాత్రే కొత్తదాంట్లోకి చేరిపోయాయి. ఇప్పుడు అది సరిపోలేదని ఒక్క మాట అంటే చాలు. తాళం పగలగొట్టక్కర్లేదు, గోడ దూకక్కర్లేదు. ఇంటావిడే చేతికిచ్చి సాగనంపుతుంది.

సెలూన్లో సూది ఎవరిదో కూడా తెలిసిపోయింది. గుండె దడదడలాడాలి. ఆడలేదు. మొహంలో ఏమీ లేకపోవడం ఆ పూట పనికొచ్చింది. మైనా ఆ మొహంలో వెతికింది, ఏమీ దొరకలేదు.

"కేబుల్ పొట్టిగా ఉంది," అన్నాడు బొత్తానికి వినబడేలా. "ఈవిడ చెప్పింది నిజమేనమ్మా, ఈ డిస్కు దీనికి పడదు."

మైనా ఫోన్ మోగింది. ఆమె బాల్కనీ వైపు తిరిగిన ఆ క్షణంలో, వీపు అడ్డుపెట్టి, పీకిన డిస్కు సంచిలోకి, సంచిలోది చేతిలోకి మార్చేశాడు. తల ఎత్తితే పెద్దావిడ తననే చూస్తోంది. చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉంది.

"అలా ఉత్తినే పట్టుకెళ్తే పాడవుతుందమ్మా," అంటూ పెద్దావిడ ఉడుము చేతిలోని డిస్కు లాక్కుంది. అప్పుడే ఇస్త్రీ చేసిన తువ్వాల్లో గట్టిగా చుట్టింది. అంతటితో ఆగక, కట్టుకోవడానికి దారం కావాలంటూ సొరుగులన్నీ వెతికింది. తీరా దారం దొరికాక ముడి వేయడానికి ఇంకాసేపు.

మైనా మూట అందుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. దారం విప్పింది. తువ్వాలు తప్పించి డిస్కు మీద అరచెయ్యి పెట్టింది.

అప్పుడు వెలిగింది ఉడుముకి. నడుస్తున్న పెట్టెలోంచి తీసిన డిస్కు వేడిగా ఉండాలి. సంచిలోంచి తీసింది చల్లగా ఉంటుంది. ఇంత చిన్న సంగతి తనకి తట్టలేదు. మైనా రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది.

"వెచ్చగానే ఉంది," అంది మైనా. బ్యాగ్‌లోంచి తాళంచెవులు తీసింది. "వస్తానండీ."

లిఫ్టు దిగిన చప్పుడు వినబడేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత ఉడుము అసలు డిస్కుని దాని చోట పెట్టాడు. మళ్ళీ కూత పెడుతున్న పెట్టె ఊరుకుంది.

"మీకెలా తెలిసిందమ్మా?"

"మాస్టారు మమ్మల్ని తెగ నవ్వించేవారండీ, అంది నిన్న. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నన్నే ఒక్కసారీ నవ్వించలేదు మహానుభావుడు."

"మరి నన్నెలా నమ్మారు?"

"నిజంగా షాపువాడైతే ముందు కొత్త పెట్టె కొనమనేవాడు. నువ్వు ఆ మాటే ఎత్తలేదు."

ఉడుము పెట్టెకి కాపలాగా గంటసేపు నిలబడ్డాక, చెవిలో దాచిన బుల్లి స్పీకర్లో పెద్దాయన గొంతు కిచకిచలాడింది. రేవు దగ్గర కారులో నలుగురు దొరికారు. నీలిగొడుగు ముఠా నాయకుడు ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఖాళీ డిస్కు తెరుస్తూ పట్టుబడ్డాడట. మైనా చేతులకి బేడీలు పడ్డాయట. మాస్టారిని చంపినవాళ్ళు దొరికారని వింటే ఏదో ఒకటి అనిపిస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. చొక్కా మీద దుమ్ము దులుపుకున్నాడు.

"ఆ రోజు బయట నిలబడ్డది నువ్వేనా?" అంది పెద్దావిడ.

"నేనేనమ్మా."

"ఏడ్చావా?"

"రాలేదమ్మా."

"నాకూ రాలేదు." ఆవిడ తువ్వాళ్ళు లెక్కపెట్టకుండానే బీరువాలో పెట్టింది. "వచ్చినప్పుడు వస్తుందిలే. కూర్చో, టీ పెడతాను. పాస్‌వర్డ్ రాసిస్తాను, మీ పెద్దాయనకి నువ్వే ఇయ్యి." వంటింటి గుమ్మంలో ఆగి పెట్టె వైపు చూసింది. "ఆ డిస్కుకి గ్యారంటీ ఎన్నేళ్ళు?"

"ఐదేళ్ళు. బిల్లు ఉంటేనే."

"మరి మీకు?"

ఉడుము మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"మాకు బిల్లు ఇవ్వరమ్మా," అన్నాడు.