బియ్యపుగింజంత తేడా

రాజమండ్రిలో ఎవరితో ఏ పరాచికమైనా ఆడొచ్చు గాని, బ్రిడ్జి మాటెత్తి మాత్రం ఆడకూడదు. అందుకే ఆ మంగళవారం సాయంత్రం, కోటిపల్లి బస్టాండు దగ్గరున్న వాయిద్యాల రిపేరు షాపులో ఫోను మోగి, అవతల ఒక ఆడగొంతు కంగారుగా, "కొవ్వూరు నుంచండీ, బ్రిడ్జి పడిపోయిందండీ!" అనేసరికి మణిదీప్ చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు జారి కాలి మీద పడింది.

"ఏ బ్రిడ్జండీ? రోడ్డు కం రైలా?"

"అదేనండీ, ఎనిమిదీ ఒక్కసారే వదులు చేశాను. ఊడి పడిపోయింది."

"ఎనిమిదేంటండీ? స్తంభాలా?"

"తీగలండీ బాబూ! మాండొలిన్ తీగలు! మీరు బాగుచేస్తారనే కదా ఫోన్ చేసింది?"

హార్మోనియం తిత్తికి అతుకు వేయించుకోడానికొచ్చిన త్రిమూర్తులుగారు అప్పటికే కొవ్వూరులో ఉన్న అల్లుడికి ఫోను కలిపేసి, "ఉన్నచోటే ఉండు, కదిలావంటే ఊరుకోను!" అని కేకలు పెడుతున్నారు. ఆయనకి నచ్చజెప్పేసరికి మణిదీప్‌కి తలప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు సాయంత్రం వానలో ఆవిడే వచ్చింది. పేరు ఉమాశ్రీ. కొవ్వూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. తను తడిసింది గాని, దుప్పట్లో చుట్టి తెచ్చిన మాండొలిన్ మీద ఒక్క చుక్క పడనివ్వలేదు.

"ఎనిమిది తీగలూ ఒక్కసారే ఎవరైనా తీస్తారాండీ? తీగల కింద ఉండే ఈ చెక్క బ్రిడ్జికి జిగురుండదు. తీగలు నొక్కిపెడితేనే నిలబడుతుంది. అందుకే ఒక జత మార్చాక ఇంకో జత మార్చాలి."

"తుప్పు పట్టాయని యూట్యూబ్‌లో చూసి తీశానండీ."

"యూట్యూబ్‌లో గుండె ఆపరేషన్ కూడా చూపిస్తారు. చేసేస్తారా?"

"మత్తిచ్చేవాళ్ళు దొరికితే ముందు మీకే చేస్తాను."

మణిదీప్ నవ్వాపుకుని పనిలో పడ్డాడు. అది ఆన్‌లైన్లో దొరికే చవకరకం, కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొనేది. తీగలు మెడ మీదున్న మెట్లకి మరీ ఎత్తులో ఉన్నాయి. బ్రిడ్జి అడుగుని గరుకు కాగితం మీద రుద్ది తగ్గించాడు. పైకొన నుంచి పన్నెండో మెట్టు దాకా స్కేలుతో కొలిచి, మళ్ళీ అంత దూరంలోనే బ్రిడ్జిని నిలబెట్టాడు. కొత్త తీగలు ఎక్కించి, జతలో రెండూ ఒకే గొంతుతో పలికేదాకా మరలు తిప్పాడు. ఇలాంటి చవక వాయిద్యం చేత నిఖార్సయిన స్వరం పలికించడమంటే అతడికి మహా సరదా.

"ఏదైనా పాట చెప్పండి, వాయించి చూపిస్తాను."

"నాకు ఒక్కటే తెలుసండీ," అని ఆమె ఏదో జోలపాట సన్నగా కూనిరాగం తీసింది. మణిదీప్ అందుకున్నాడు. చివర్లో పై షడ్జమం తేటగా, ఎక్కడా వంక లేకుండా పలికింది.

మెచ్చుకుంటుందనుకుని తలెత్తి చూస్తే ఆమె మొహం వాడిపోయి ఉంది.

"ఇది కాదండీ. పై సా దగ్గర గోడెక్కాలి."

"ఏం ఎక్కాలి?"

"మా ఆయన వాయించేవారు. విశ్వనాథ్. పోలవరంలో సర్వేయరు. క్వార్టర్స్‌లో తోచక, ఇది కొనుక్కుని మా అత్తయ్యగారు పాడే జోలపాట ఒక్కటే నేర్చుకున్నారు. పై సా ఎప్పుడూ శృతికంటే ఎక్కువే పలికేది. ఇంటికొచ్చినప్పుడు వాయిస్తే, 'మళ్ళీ గోడెక్కిందిరా' అని అత్తయ్యగారు వంటింట్లోంచి అరిచేవారు." ఆమె దుప్పటి మడత పెట్టసాగింది. "రెండేళ్ళయింది. శనివారం బండి మీద ఇంటికొస్తుంటే, ధాన్యం లారీ..."

మణిదీప్ మాండొలిన్‌ని మెల్లిగా బల్ల మీద పెట్టాడు. బయట వాన గట్టిగానే పడుతోంది.

"ఆయన గొంతు రికార్డు చేసుకోవాలని కూడా తోచలేదండీ మాకు. ఆ తప్పు ఒక్కటే మిగిలింది. తుప్పుపట్టిన తీగలు తెగిపోతాయేమోనని మార్చబోయి, అది కూడా నేనే పోగొట్టాను. పాత చోటే పెట్టరా?"

"పెడతానండీ," అన్నాడు మణిదీప్. "బ్రిడ్జి మెట్లవైపు జరిగి ఉండి ఉంటుంది. జరుపుతూ వాయిస్తాను, మీరు విని చెప్పండి. దొరికేదాకా చూద్దాం."

ఆవేళ దొరకలేదు. మర్నాడు ఆమె రాకముందు మాండొలిన్ తుడుస్తుంటే లైటు ఏటవాలుగా పడి, వార్నిషు మీద రెండు చిన్న మచ్చలు కనిపించాయి. బ్రిడ్జి పాదాలు ఏళ్ళతరబడి నొక్కిన గుర్తులు. సరైన చోటికీ వాటికీ బియ్యపుగింజంత తేడా. అక్కడ నిలబెట్టి మీటాడు. పై సా చక్కగా గోడెక్కింది.

ఆరింటికి గొడుగు ముడుస్తూ ఉమాశ్రీ గుమ్మంలోకి వచ్చి, "దొరికిందాండీ?" అంది.

దొరికిందంటే ఆమె దండం పెట్టి వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు. మణిదీప్ బ్రిడ్జిని వేలితో పక్కకి నెట్టేసి, "ఇంకా లేదండీ," అన్నాడు.

ఆ ఒక్క ముక్క నోటినుంచి వచ్చాక ఇక వెనక్కి పోలేదు. ఆమె రోజూ స్కూలయ్యాక బస్సెక్కి గోదావరి దాటి వచ్చేది. అతడు జరిపేవాడు, ఆమె కళ్ళు మూసుకుని వినేది. "ఇది కాదు." "మరీ ఎక్కువైంది." "ఇప్పుడు మేకపిల్ల అరిచినట్టుంది."

"మేకపిల్లని అంటారేంటండీ, దానికి నాకంటే శృతిజ్ఞానం ఎక్కువ," అన్నాడు మణిదీప్.

ఆమె నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉలిక్కిపడి, ఎవరైనా చూశారేమోనన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి చూసి మణిదీప్ గుండె చెరువైపోయింది. ఆమె అంటే తనకి ప్రాణమని ఆ క్షణానే తెలిసింది, తను చేస్తున్నది మోసమని కూడా తెలిసింది.

ఎనిమిదో రోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. కూర్చోలేదు.

"ఇవాళ తేల్చేద్దామండీ. అత్తయ్యగారు రోజూ నేనొచ్చేదాకా వీధరుగు మీదే కూర్చుంటున్నారు. బస్సు దిగగానే చేతులకేసి చూస్తారు. ఒట్టి చేతులు కనబడితే ఆ పూట అన్నం ముట్టరు."

మణిదీప్ తలవంచుకుని మాండొలిన్ తీసి, బ్రిడ్జిని ఆ రెండు మచ్చల మీదికి జరిపి, శృతి సరిచూసి, జోలపాట వాయించాడు. పై సా గోడెక్కింది.

ఉమాశ్రీ స్టూలు మీద కూలబడిపోయింది. మొహం చేతుల్లో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో. కాస్త తేరుకుని, "ఎలా దొరికిందండీ?" అంది.

ఇప్పుడే దొరికిందంటే సరిపోయేది. కాని ఆ ఏడుపు చూశాక అతడికి అబద్ధం నోరు దాటి రాలేదు.

"రెండో రోజే దొరికిందండీ. ఇవిగో, బ్రిడ్జి పాదాల అంచున గుర్తులు. చెబితే మీరిక రారని..."

ఆమె వంగి ఆ మచ్చల్ని వేలితో తడిమింది.

"అంటే, వారం రోజులు ఆయన్ని మీ దగ్గర దాచిపెట్టుకున్నారన్నమాట," అంది. కేకలేసినా బాగుండేది. మాండొలిన్‌ని దుప్పట్లో చుట్టుకుని వానలోకి వెళ్ళిపోయింది.

మణిదీప్ ఆమెకి ఫోను చెయ్యలేదు. ఏ మొహం పెట్టుకుని చేస్తాడు? షాపులో ఏ తీగ మీటినా తప్పుగానే వినిపించేది. "నీకు చెవులేమైనా చెడ్డాయా?" అని త్రిమూర్తులుగారు హార్మోనియం రెండుసార్లు వెనక్కి తెచ్చారు.

ఆమె వెళ్ళిపోయిన పదకొండో రోజు సాయంత్రం షాపు ముందు ఆటో ఆగింది. అరవై దాటిన ఒకావిడ, చంకలో దుప్పటి మూటతో మెల్లిగా మెట్లెక్కి వచ్చింది.

"మణిదీప్‌వి నువ్వేనా బాబూ? నేను వరహాలక్ష్మిని. విశ్వనాథ్ తల్లిని."

అతడు చటుక్కున లేచి, "తప్పయిపోయిందండీ," అని ఆవిడ కాళ్ళకి వంగబోయాడు.

"కాళ్ళతో నాకేం పని గాని, కూర్చో." ఆవిడ మూట విప్పి మాండొలిన్ అతడి ముందు పెట్టింది. "మొదటిరోజు అమ్మాయి ఆ పై సా ఒక్కటీ మీటితే, వాడే వంటింటి గుమ్మంలోకి వచ్చి కూర్చున్నట్టనిపించింది. కడుపారా ఏడ్చాను. మర్నాడూ విన్నాను. నాలుగో రోజుకి, నిజం చెబుతున్నా నాయనా, చెవి నొప్పెట్టింది. ఆ నొప్పితోనే గుర్తొచ్చింది. వాడు బతికుండగా నేను ఒక్కనాడైనా దీన్ని మెచ్చుకున్నానా? 'రాజమండ్రి తీసుకెళ్ళి బాగుచేయించుకోరా' అని వచ్చినప్పుడల్లా పోరేదాన్ని. 'వచ్చే ఆదివారం వెళ్తానే అమ్మా' అనేవాడు. వాడే ఉంటే ఈపాటికి బాగుచేయించుకునేవాడు. వాడెళ్ళలేకపోయాడు, నేను తెచ్చాను. సరిచెయ్యి."

మణిదీప్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉమగారు ఒప్పుకున్నారాండీ?"

"ఆటోలో కూర్చుంది. దిగమంటే దిగదు. కోపం సగం నీమీద, సగం తనమీద. రెండేళ్ళ తరవాత అది నవ్వుమొహంతో ఇల్లు చేరింది ఆ వారం రోజులే. నవ్వినందుకు తనని తానే క్షమించుకోలేకపోతోంది పిచ్చిది. దానికి ముప్పై కూడా నిండలేదు బాబూ."

మణిదీప్ తీగలు కొంచెం వదులు చేసి, బ్రిడ్జిని బియ్యపుగింజంత వెనక్కి జరిపాడు. ఎనిమిది తీగలూ శృతి చేసి జోలపాట ఎత్తుకున్నాడు. పై షడ్జమం ఏ గోడా ఎక్కకుండా తిన్నగా పలికింది. వరహాలక్ష్మి కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "ఇదేరా నాన్నా నేను పాడింది," అంది, ఎదురుగా లేని కొడుకుతో.

తలెత్తి చూస్తే గుమ్మంలో ఉమాశ్రీ నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు వాయించడం నేర్పిస్తారా?" అంది. "కాని ఒక్క మాట. ఇకమీద మీకేదైనా తెలిస్తే ఆ రోజే నాతో చెప్పాలి."

"చెబుతానండీ."

"ఇప్పుడేమైనా తెలుసా?"

మణిదీప్ మాండొలిన్ కింద పెట్టాడు. "ఒకటి తెలుసండీ," అన్నాడు. వరహాలక్ష్మి మోకాళ్ళ మీద చేతులానించి లేచింది.

"చెప్పు బాబూ, చెప్పాల్సిందే. నేను ఆటోలో కూర్చుంటాను."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళి ఆటోలో కూర్చుంది. తననెవరూ చూడటంలేదనుకుని, పమిట చెంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడవసాగింది. ఉమాశ్రీ చూసింది. మణిదీప్ కూడా చూశాడు.

"రేపు చెబుదురుగాని," అంది ఉమాశ్రీ మెల్లిగా. "ఇవాళ నేను ఆవిడ పక్కన కూర్చోవాలి. రేపు ఆరింటికి వస్తాను. తప్పకుండా వస్తాను."

"అలాగేనండీ," అన్నాడు మణిదీప్. మాండొలిన్‌ని దుప్పట్లో చుట్టి, ఆటో దాకా తనే మోసుకెళ్ళి, పక్కపక్కన కూర్చున్న అత్తాకోడళ్ళ ఒళ్ళో ఆనేలా పడుకోబెట్టాడు.