మైకులో చిన్న శబ్దం

ఉదయం ఆరున్నరకి ఆ వంటింట్లో కుక్కర్ కూత తప్ప మరో గొంతు లేదు. అమ్మ రొట్టె ముక్కను టీలో ముంచి, పూర్తిగా నానేదాకా ఆగి, పెదవులు కాస్తంత తెరిచి లోపలికి తోసుకుంది. ఎదురుగా కూర్చున్న కూతురు ఆ పెదవుల వంకే చూస్తోంది, ఒక్క మాటైనా రాలుతుందేమోనని. రాలలేదు. అమ్మ కప్పు కడిగి బోర్లించి, బ్యాగు భుజానికేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో అమ్మ కోపానికి ఒక పద్ధతుంది. అరవదు, గిన్నెలు విసరదు. నోరు కట్టేసుకుంటుంది, అంతే. నాన్న ఎవరినీ అడక్కుండా పాత స్కూటరు కొనుక్కొచ్చినప్పుడు పదకొండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడిది పద్నాలుగో రోజు.

"నేనేం చేశాను నాన్నా? బస్సు డ్రైవర్ ట్రైనింగుకి సెలక్టయ్యాననే కదా చెప్పాను! దొంగతనం చేశాననలేదుగా?"

నాన్న గడియారాలు బాగుచేస్తాడు. కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే, "మీ అమ్మ గురించి నన్నడిగితే ఏం లాభం? ముప్ఫై ఏళ్ళయింది, నాకే అంతుపట్టలేదు" అన్నాడు.

"రేపు సాయంత్రంలోగా జవాబు పోస్టులో వెయ్యాలి. ఆర్నెల్లు వేరే ఊళ్ళో ఉండాలి. అమ్మ వెళ్ళు అనకుండా నేనెలా వెళ్ళను?"

కూతురికి ఇరవై నాలుగేళ్ళు. నిలబడిన చోట నిలబడదు కాబట్టి ఇంట్లోవాళ్ళు పిడుగు అని పిలుస్తారు. రెండేళ్ళుగా కూరగాయల వ్యాను నడుపుతోంది. ఆ రోజు మాత్రం గేర్లన్నీ తప్పుగా పడ్డాయి. ఒక కొట్టులో దించాల్సిన క్యాబేజీ ఇంకో కొట్టులో దించి తిట్లు తింది.

మధ్యాహ్నం బస్టాండు క్యాంటీనుకి టమాటాలు దించుతుంటే నెత్తిమీది స్పీకరులో అమ్మ గొంతు వినిపించింది. ఇరవై రెండేళ్ళుగా ఆ బస్టాండుకి అమ్మే అనౌన్సరు.

టక్.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో నెంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరి కొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది. దయచేసి మీ సామాన్లు సరిచూసుకోండి."

ఎంత నిండుగా ఉందో ఆ గొంతు! పిడుగు టమాటా బుట్టను దబ్బున దించింది. దారిన పోయే వాళ్ళందరికీ ఉన్న మాట తనకే కరువైందా?

"మాటలకి ముందు ఆ టక్కుమనే చప్పుడేంటి బాబాయ్?" అని అడిగింది, ఇంకేం అడగాలో తెలీక.

క్యాంటీనాయన టమాటాలు తూచుకుంటూ అన్నాడు. "ఏమో తల్లీ. మైకు రెండుసార్లు మార్చారు, వైర్లు మార్చారు. అనౌన్సరమ్మ డ్యూటీలో ఉంటే వస్తుంది, ఇంకోళ్ళుంటే రాదు. మైక్కి కూడా మనుషులు తెలుస్తారేమో!"

సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే పిడుగు ఎదురెళ్ళింది. కూర్చోలేకపోతోంది, నిలబడలేకపోతోంది. చేతిలో వ్యాను తాళాలు గలగలమంటున్నాయి.

"ముక్కూ మొహం తెలియని వాళ్ళని దయచేసి, దయచేసి అంటావు. నాకోసం ఒక్క మాట ఖర్చు పెట్టలేవా? వద్దనుకుంటే వద్దను. తిట్టు. కొట్టు. ఇలా చంపకమ్మా!"

అమ్మ నోరు తెరిచింది.

టక్.

తెరిచిన నోరు సగంలోనే ఆగిపోయింది. అమ్మ గబుక్కున చెంప పట్టుకుని గోడకు ఆనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న భూతద్దం తీసి తలెత్తాడు. చిన్న చప్పుళ్ళు వినడమే ఆయన బతుకుతెరువు. పద్నాలుగు రోజులుగా పక్కనే ఉండి ఈ ఒక్కటీ వినలేదు.

పిడుగు చేతిలోంచి తాళాలు జారిపడ్డాయి. "అమ్మా... స్పీకర్లో వినిపించేది నీ దవడా?"

అమ్మ చెంప మీద నుంచి చెయ్యి తీయకుండానే, పళ్ళ సందుల్లోంచి అంది. "కోపం కాదే. నొప్పి."

"ఎప్పట్నుంచి?"

"నాలుగు నెలలు. చెవిపోటనుకుని చుక్కలేసుకున్నా. ఈ రెండు వారాలుగా మరీ ముదిరి, రోజుకి నాలుగు మాటలే వస్తున్నాయి. అవి డ్యూటీకే సరిపోతున్నాయి."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే అక్కడ మైకు లాగేసుకుంటారు. ఇక్కడ నువ్వు ఆగిపోతావు."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ దవడల డాక్టరు దగ్గర కూర్చున్నారు. స్కాన్ చూసి డాక్టరమ్మ అమ్మ చెవి ముందు వేలు పెట్టింది. "నోరు మెల్లగా తెరవండి. ఇక్కడ కదులుతోంది చూశారా, ఇదే దవడ కీలు. మధ్యలో మెత్తటి పొర ఉంటుంది. అది అరిగిపోయింది. మోకాళ్ళకొచ్చే ఆర్థరైటిసే దీనికీ వస్తుంది. చెవి పక్కనే కాబట్టి చెవిపోటనుకుంటారు."

"ఆపరేషన్ చెయ్యాలా?" నాన్న ముందుకు వంగి అడిగాడు.

"చాలామందికి అంతదాకా రాదు. అరిగిన పొర తిరిగి రాదు గానీ నొప్పి తగ్గించొచ్చు. మెత్తటి తిండి, వేడి కాపడం, వాపుకి కొన్నాళ్ళు మందులు, రాత్రిళ్ళు పళ్ళకి తొడుగు. ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకోండి. అప్పటికీ తగ్గకపోతే కీలులో ఇంజెక్షన్ గురించి ఆలోచిద్దాం. మైకు దగ్గర సగం పూట చాలు, మీ ఆఫీసుకి ఉత్తరం నేనిస్తాను. ఇంకోటి, నోరు మరీ కట్టేసుక్కూర్చోకండి, కీలు బిగుసుకుపోతుంది. ఇంట్లో కొద్దికొద్దిగా మాట్లాడుతుండండి."

"విన్నావా అమ్మా? నాతో మాట్లాడాలట. మందు చీటీలో రాయించనా?" అంది పిడుగు. నవ్వబోయి ఏడ్చేసింది. "నేనే గుడ్డిదాన్ని. రొట్టె నానబెట్టుకుని తింటుంటే రోజూ చూస్తూ కూడా, అలిగావనే అనుకున్నాను."

ఇంటికొచ్చాక పిడుగు ట్రైనింగు ఉత్తరం తీసింది. "నేను వెళ్ళనని రాసేస్తా. నీకు కాపడం ఎవరు పెడతారు?"

"అదిగో," అంది అమ్మ. "అందుకే చెప్పలేదు."

"నేను పెడతానులే కాపడం. చేతులు నాకూ ఉన్నాయి" అన్నాడు నాన్న.

అమ్మ కూతురి చేతిలోంచి ఉత్తరం తీసుకుని బల్ల మీద పరిచింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది. "ఇరవై రెండేళ్ళు ఊరందర్నీ బస్సెక్కించి పంపాను. నా కూతుర్ని పంపలేనా? వెళ్ళు."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట ఎంత నొప్పితో వచ్చిందో చూసి పిడుగు అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. సాయంత్రం కాకముందే సంతకం చేసి ఉత్తరం పోస్టులో వేసొచ్చింది.

ఆర్నెల్లు గడిచాయి. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, అమ్మ మళ్ళీ మెత్తటి రొట్టె నానబెట్టకుండానే తింటోంది. సగం పూట డ్యూటీ చేస్తోంది. ఫోనులో కూతుర్ని తిడుతోంది కూడా.

ఆ రోజు పిడుగు ఖాకీ చొక్కా వేసుకుని, మూడో నెంబరు ప్లాట్‌ఫారం మీద మొదటిసారి ఒంటరిగా స్టీరింగు పట్టుకుంది. అద్దం రెండుసార్లు సరిచేసింది, సీటు మూడుసార్లు జరిపింది. అప్పుడు స్పీకరులో చిన్నగా వినిపించింది.

టక్.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో నెంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు ఇప్పుడు బయలుదేరుతుంది. దయచేసి మీ సామాన్లు సరిచూసుకోండి."

ఇన్నేళ్ళలో ఆ గొంతు కాగితంలో లేని మాట ఒక్కటీ చదివి ఎరగదు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చింది.

"జాగ్రత్తగా వెళ్ళు, పిడుగూ."

ప్రయాణికులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డ్రైవరమ్మ మోచేత్తో కళ్ళు తుడుచుకుని, నిబంధనలు ఒప్పుకోనంత పొడుగ్గా హారన్ కొట్టి, బస్సు కదిలించింది.